జిరాక్స్ మిషన్ మీది బోర్డు తీసేయండి

కాపీ తీయడం చట్టరీత్యా నేరం అని వట్లూరు దగ్గర నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో జిరాక్స్ మిషన్ మీద ఓ బోర్డు ఉంటుంది. ఎవరు రాయించారో గానీ, 1957 కాపీరైట్ చట్టం మాత్రం చదివి రాయించలేదు. ఏమేం చేస్తే నేరం కాదో చెప్పడానికే అందులో 52వ సెక్షన్ పెట్టారు, అదీ పేజీల కొద్దీ. సొంత చదువుకు, పరిశోధనకు సబబైన మేర వాడుకోవచ్చు. పాఠం చెప్పే క్రమంలో మాస్టారైనా విద్యార్థైనా ప్రతి తీసుకోవచ్చు. చూపులేని పిల్లవాడి కోసం పుస్తకం స్కాన్ చేసి, కంప్యూటర్ చదివి వినిపించేలా ఇవ్వొచ్చు. కొల్లేరు మీద ప్రాజెక్టు చేసే అమ్మాయికి గెజిట్‌లో వచ్చిన ప్రభుత్వ ప్రకటన ప్రతి కావాలంటే అసలు అడ్డే లేదు.

ఇదంతా కాగితం మీది మాట అనుకోనక్కర్లేదు, కోర్టులో నిలిచింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోని రామేశ్వరి ఫొటోకాపీ దుకాణం మీద, యూనివర్సిటీ మీద 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు దావా వేశాయి. సిలబస్‌లోని అధ్యాయాలు ఏరి, జిరాక్స్ తీసి, బైండు చేసి అమ్ముతున్నారన్నది అభియోగం. 2016 సెప్టెంబరులో హైకోర్టు జడ్జి దావా కొట్టేశారు. డిసెంబరులో డివిజన్ బెంచి, బోధనకు ఎంత అవసరమో అంత తీసుకోవచ్చు, ఇన్ని పేజీలనే లెక్క చట్టంలో లేదు అంటూనే, ఆ అవసరం ఎంతో విచారించి తేల్చమంది. విచారణ దాకా పోకుండా 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావా వెనక్కి తీసుకున్నారు.

ఈ తీర్పు సంగతి మాకెవరూ చెప్పలేదు. నేర్చుకుందామని యూట్యూబ్ తెరిస్తే దొరికేవి అమెరికా పాఠాలు. వాడకం సబబో కాదో తేల్చే నాలుగు పరీక్షలు, పుస్తకంలో పది శాతం దాటకూడదనే లెక్క అంటూ ఉంటాయి. అక్కడ చాలా యూనివర్సిటీ లైబ్రరీల్లో కాపీరైట్ సందేహాలు తీర్చడానికే ఒక మనిషి ఉంటారు. ఈర్ష్య పడాల్సిందే. అయితే ఆ చట్టం వేరు, మనది వేరు. అక్కడి కొలత పట్టుకుని ఇక్కడి పిల్లవాణ్ని నూరు పేజీల పుస్తకంలో పదకొండో పేజీ దగ్గర ఆపేయడం అన్యాయం.

అలాగని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పూర్తి పుస్తకాల పీడీఎఫ్‌లను నేను వెనకేసుకు రాను. "మేడమ్, దీని పీడీఎఫ్ ఉందాండీ?" అని అడిగేవాళ్లలో సగం మందికి ఆ పుస్తకం అరలోనే ఉందని తెలియదు. తెలుగు పుస్తకాలకైతే చిన్న లెక్క తెలిస్తే చాలు. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. 1952లో పోయిన అడివి బాపిరాజు రాసినవి 2013 నుంచి అందరివీ. 1976లో పోయిన విశ్వనాథ సత్యనారాయణ రచనల మీద హక్కు 2036 చివరిదాకా ఉంటుంది.

పీడీఎఫ్‌ల కోసం దొడ్డిదారి వెతకడానికి మరో కారణమూ ఉంది. 2025 జనవరి నుంచి కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద దాదాపు 13,000 పరిశోధన పత్రికలు అందిస్తోంది, ప్రభుత్వ సంస్థలకు మాత్రమే. తాడేపల్లిగూడెం నిట్ పిల్లలు చదివే వ్యాసం, అదే రైలు మార్గం మీదున్న వట్లూరులో ప్రైవేటు కాలేజీ పిల్లలకు తెరుచుకోదు. వాళ్లకు ఏది సక్రమమైన దారో చూపించాల్సింది లైబ్రేరియనే. ఆ లైబ్రేరియన్‌కు చూపించేది ఎవరు?

ఇటు ఇంజనీరింగ్ కాలేజీలకు పెద్ద దిక్కు కాకినాడ జేఎన్‌టీయూ. ఓ న్యాయవాదిని, నలుగురు లైబ్రేరియన్లను కూర్చోబెట్టి తెలుగులో చిన్న పుస్తకం రాయించవచ్చు. సెక్షన్ల పట్టిక వద్దు. కౌంటర్ దగ్గర పిల్లలు అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు చాలు. ప్రైవేటు కాలేజీ లైబ్రరీ, చట్టం విడిగా వెసులుబాటు ఇచ్చే 'ప్రజా గ్రంథాలయం' కిందికి వస్తుందా రాదా అన్నది కూడా అందులో తేల్చాలి. ఏటా ఒక రోజు శిక్షణ పెట్టాలి. ఖర్చంటారా, కాలేజీలకు గుర్తింపు ఇచ్చే న్యాక్ తనిఖీ కోసమని గోడలకు వేయించే రంగుల డబ్బులో కొంత మిగిల్చినా సరిపోతుంది.