మండువాలో అడ్డుగోడ

పోయిన వేసంగిలో మా అబ్బాయి హైదరాబాదు నుంచి వస్తూ ఒక ప్లాను గీయించుకొచ్చాడు. అంబాజీపేట దగ్గరి మా పాత ఇంటిని బాగుచేయించాలని వాడి సరదా. "గదులన్నీ కలిపేసి ఒకటే హాలు చేద్దామమ్మా. సామాను తక్కువుండాలి. ఇప్పుడంతా ఇదే పద్ధతి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మండువా లోగిలంటే అదే కాదుటండీ!

చూడని కోడళ్ళ కోసం చెబుతున్నాను. ఇంటి నడుమ కప్పులేని మండువా, చుట్టూ స్తంభాల మీద లోపలికి వాలిన పెంకుల చూరు. వాననీళ్ళన్నీ అందులో పడి తూములోంచి పెరట్లోకి పోతాయి. వేడిగాలి పైకి పోతుంటే వీధిగుమ్మం నుంచీ పెరటిగుమ్మం నుంచీ చల్లగాలి లోపలికొస్తుంది. సామానంటే పీటలు, చాపలు, పరుపుచుట్టలు. భోజనాలు చేసిన చోటే రాత్రి పక్కలు. తెల్లారితే అన్నీ అటకెక్కేవి. జపానువాళ్ళూ అంతే, పొద్దున్నే పరుపులు మడిచి అలమారలో పెట్టేస్తారు. మిగతావన్నీ గోడలో గూళ్ళలోనే. అందుకే బీరువాలు కొనొద్దు, గూళ్ళు పూడ్చొద్దు అని మావాడికి గట్టిగా చెప్పాను.

నిజం చెప్పొద్దూ, ఆ విశాలమంతా మగవాళ్ళదే. వంటిల్లు ఓ మూల, చీకటీ పొగానూ. కొత్తకోడలిగా నాకు ఏడుపొస్తే ధాన్యం గదే గతి. "హాలు ఎంత పెద్దదైనా కట్టుకో, గడియ పెట్టుకునే గది మాత్రం నీ భార్యకొకటి ఉంచు" అన్నాను. కోడలు తల వంచుకుని నవ్వుకుంది.

అసలు చిక్కు వేరే ఉంది. 1996 నవంబరు తుపానులో కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు కూలాయి కదా, మా తోటా పోయింది. అప్పులు మిగిలాయి. మరుసటేడు అన్నదమ్ములు పంచుకుని మండువా నడుమ ఇటుకగోడ లేపారు. ఆనాటి నుంచి గాలి లేదు, మాటలూ లేవు. గోడకవతల మా తోటికోడలు ఒక్కర్తే ఉంటోంది.

ప్లాను పట్టుకుని వెళ్ళాను. అక్కయ్య కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గోడ సంగతి తరవాత. మీ వైపు తూము పూడిపోయింది, ఎరుగుదువా? ఇన్నేళ్ళుగా వానొస్తే నీళ్ళన్నీ నా గుమ్మంలోకే" అంది.

నేనెరగను. నోట మాట రాలేదు.

మర్నాడు మేస్త్రీ వచ్చి తూము తవ్వాడు. గోడ ఇంకా ఉంది. మొన్నటి వానకు మాత్రం అక్కయ్య గోడ మీంచి కేకేసింది: "నీళ్ళు పోతున్నాయే!"