మెట్ట గ్రామాల్లో నిరుద్యోగం: మహమ్మారి చూపిన మూలాలు

కోవిడ్-19 కాలంలో పెరిగిన నిరుద్యోగానికి లాక్‌డౌన్ ఒక్కటే కారణమన్న అభిప్రాయం బలంగా ఉంది. పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని పెనుగంచిప్రోలును పరిశీలిస్తే ఈ అభిప్రాయం అసంపూర్ణమని తోస్తుంది.

మునేరు ఒడ్డున ఉన్న ఈ మండలంలో పత్తి, మిరప ముఖ్యమైన వాణిజ్య పంటలు. పత్తి తీత, మిరప కోత ముగిశాక కూలి పనులు బాగా తగ్గుతాయి. ఆ లోటును తిరుపతమ్మ అమ్మవారి ఆలయ యాత్రికులపై ఆధారపడిన దుకాణాలు, ఆటోలు, జగ్గయ్యపేట ప్రాంతపు సిమెంటు కర్మాగారాలు, నగరాల్లోని భవన నిర్మాణ పనులు కొంతవరకు పూరిస్తాయి. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్‌తో ఇటువంటి ఆధారాలన్నీ ఒక్కసారిగా దెబ్బతిన్నాయి. మార్చి 27న వ్యవసాయ పనులకు మినహాయింపు లభించినా, రవాణా స్తంభించి, గుంటూరు మిర్చి యార్డు మూతపడినందున పని ఉన్న చోటికి కూలీలు, సరుకు అమ్ముడయ్యే చోటికి రైతులు చేరడం కష్టమైంది.

ఉపాధి కోల్పోయినవారిలో అనేకులు తిరిగి పొలాన్నే ఆశ్రయించారు. జాతీయ శ్రామికశక్తి సర్వే ప్రకారం దేశంలోని మొత్తం ఉపాధిలో వ్యవసాయం వాటా 2018-19లో 42.5 శాతం కాగా, 2020-21 నాటికి 46.5 శాతానికి పెరిగింది. అదే సర్వేలో నిరుద్యోగిత రేటు 5.8 నుంచి 4.2 శాతానికి తగ్గింది. ఈ తగ్గుదలను పూర్తిగా మేలుగా భావించరాదు. ఇద్దరు చేయగల పనిని నలుగురు పంచుకున్నప్పుడు గణాంకాల్లో నలుగురూ ఉద్యోగులే. ఇదే ప్రచ్ఛన్న నిరుద్యోగం.

ఇందులో విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత కూడా ఉంది. మన సిఫారసులు దిగుబడిని, సాగు ఖర్చును, నికరాదాయాన్ని లెక్కిస్తాయి. పనిదినాలు తగ్గితే దానిని ఖర్చు ఆదాగా మాత్రమే చూపుతాయి. కలుపు మందు వల్ల రైతుకు మిగిలిన సొమ్ము, కలుపు తీసే మహిళకు పోయిన కూలి. రైతుపై భారం తగ్గించడం అవసరమే. కానీ పోయిన పనికి ప్రత్యామ్నాయం చూపకపోతే సిఫారసు సగమే అవుతుంది.

2020లో ఉపాధి హామీ పథకానికి అదనంగా ప్రకటించిన 40,000 కోట్ల రూపాయలు ఆపత్కాలంలో ఆదుకున్నాయి. శాశ్వత పరిష్కారం మాత్రం గ్రామంలోనే వెతకాలి. నెలవారీ పనిదినాల పట్టికను ప్రతి గ్రామ పంటల ప్రణాళికలో చేర్చాలి. పని లేని నెలలకు పాడి, మిరప గ్రేడింగు, కారం తయారీ, మహిళా సంఘాల యంత్ర అద్దె కేంద్రాల వంటి మార్గాలను సూచించాలి. క్షేత్ర పర్యటనకు వెళ్ళే విద్యార్థి రైతును దిగుబడి ఎంతని అడిగినట్లే, కూలీని ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరికిందని కూడా అడగాలి.