వేగం ఎక్కువున్న తూటానే ఓడింది!

నవంబరు వచ్చిందంటే అమెరికా పల్లెల్లో జింకల సీజన్‌ వచ్చినట్టే. లైసెన్సు జేబులో పెట్టుకుని, దూరం నుంచి కనిపించే నారింజ రంగు కోటు తొడుక్కుని తెల్లవారకముందే అడవి బాట పడతారు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింక మీద తుపాకి ఎత్తితే జైలే. అక్కడ మాత్రం ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వేటాడాలో, తలా ఎన్ని జింకల్ని కొట్టొచ్చో ప్రభుత్వమే లెక్కగట్టి చెబుతుంది. చేతిలో ఏ తూటా ఉండాలన్నది మాత్రం వేటగాళ్లు నలుగురు చేరినచోటల్లా తెగని పంచాయితీ. అలాంటి పంచాయితీల్లో చెప్పుకోదగ్గది 1955లో మొదలైంది.

ఆ ఏడాది వించెస్టర్‌ కంపెనీ .243 అనే తూటాను విడుదల చేసింది. దాని ప్రత్యర్థి రెమింగ్టన్‌ అదే ఏడాది .244ను తెచ్చింది. పేరు చూసి రెండోది కాస్త లావు అనుకునేరు! రెండింటి బుల్లెట్ల వ్యాసమూ ఒకటే. అంగుళంలో 0.243 వంతు, అంటే ఆరు మిల్లీమీటర్ల చిల్లర. మనం రాసుకునే పెన్సిల్‌ కన్నా సన్నం.

తూటాలో ప్రధానంగా కనిపించేవి మూడు. ఇత్తడి గొట్టం, అందులో కూరిన మందు, మూతికి బిగించిన బుల్లెట్‌. వించెస్టర్‌ తన గొట్టాన్ని 1952లో తానే తెచ్చిన .308 తూటా నుంచి తీసుకుంది. దాని మెడను నొక్కి సన్నం చేసిందంతే. రెమింగ్టన్‌ గొట్టం మూలాలు జర్మనీ మౌజర్‌ల కాలం నాటి ఏడు మిల్లీమీటర్ల తూటాలో ఉన్నాయి. అది కాస్త పొడవు. అందుకే మందు కొంచెం ఎక్కువ పడుతుంది, బుల్లెట్‌ కూడా వేగంగా దూసుకెళుతుంది. వంద గ్రెయిన్ల బుల్లెట్‌ను, అంటే ఆరున్నర గ్రాముల బరువును, .243 సెకనుకు సుమారు 2,960 అడుగుల వేగంతో వదులుతుంది. రెమింగ్టన్‌ గొట్టం అదే బరువును సుమారు 3,100 అడుగుల వేగంతో పంపగలదు. కాగితం మీద గెలుపు ఎవరిదో వేరే చెప్పాలా?

కానీ గెలిచింది వించెస్టర్‌!

ఎందుకో తెలియాలంటే ఇంకో ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. 1935లో వచ్చిన .220 స్విఫ్ట్‌ అనే తూటా సెకనుకు 4,000 అడుగుల వేగం దాటి సంచలనం సృష్టించింది. బుల్లెట్‌ బరువు మాత్రం మూడు గ్రాముల పైచిలుకే. పొలాల్లో బొరియలు తవ్వే ఉడ్‌చక్‌ల మీద దానికి తిరుగులేదు. మోజు కొద్దీ కొందరు జింకల మీదా ప్రయోగించారు. ఒక్కోసారి జింక పిడుగు పడ్డట్టు కూలిపోయేది. ఒక్కోసారి బుల్లెట్‌ భుజం ఎముక దగ్గరే ముక్కలైపోయి, పైన పెద్ద గాయం చేసి ఊరుకునేది. ఊపిరితిత్తుల దాకా చేరేది కాదు. ఆ జింక గాయంతోనే పారిపోయి, ఏ పొదలోనో రోజుల తరబడి నరకయాతన పడి చచ్చేది. వేటను సమర్థించేవాళ్లు కూడా సిగ్గుపడే చావు అది. సన్నని తూటాలతో జింకల్ని కొట్టకూడదని చాలా రాష్ట్రాలు నిబంధనలు పెట్టడానికి ఇలాంటి గాయాలే కారణం.

అందుకే స్విఫ్ట్‌ కన్నా కాస్త లావుగా, సైన్యం వాడిన .30-06 కన్నా బాగా తేలిగ్గా మధ్యలో ఏదైనా ఉంటే బావుండునన్న ఆలోచన వచ్చింది. ఫ్యాక్టరీల కన్నా ముందు దాన్ని అందుకున్నది సొంతంగా తూటాలు తయారు చేసుకునే ఔత్సాహికులు. వాళ్లలో ఒకరు ఫీల్డ్‌ అండ్‌ స్ట్రీమ్‌ పత్రిక షూటింగ్‌ ఎడిటర్‌ వారెన్‌ పేజ్‌. ఆరు మిల్లీమీటర్ల తూటా గురించి ఆయన చేసిన ప్రచారం వించెస్టర్‌ను కదిలించింది. ఇంకొకరు కాలిఫోర్నియాకు చెందిన ఫ్రెడ్‌ హంటింగ్టన్‌. ఆయన తన తూటాకు రాక్‌చకర్‌ అని పేరు పెట్టుకున్నారు. రాక్‌చక్‌ అంటే కొండరాళ్ల మధ్య ఉండే ఉడుత జాతి జంతువు. రెమింగ్టన్‌ ఆయన ఆలోచనను నమూనాగా తీసుకుంది. తూటాతోపాటు ఆ చిన్న జంతువు మీది ధ్యాసనూ తెచ్చుకున్నట్టుంది!

బొంగరం చెప్పిన తీర్పు

రైఫిల్‌ గొట్టం లోపల నున్నగా ఉండదు. మెలి తిరిగిన గాడులుంటాయి. వాటిలోంచి వెళ్లే బుల్లెట్‌ గిరగిరా తిరుగుతూ బయటికొస్తుంది. బొంగరం తిరిగినంతసేపే నిలబడుతుంది కదా, బుల్లెట్‌ కూడా అంతే. తగినంత తిరగకపోతే గాల్లో ఊగుతుంది, గురి తప్పుతుంది. బుల్లెట్‌ ఎంత పొడవుంటే అంత ఎక్కువ తిప్పాలి. వ్యాసం మారకుండా బరువు పెరగాలంటే పొడవు పెరగక తప్పదు. అంటే గొట్టంలో గాడులు ఎంత మెలి తిరిగి ఉన్నాయన్నదే ఆ తుపాకి ఎంత బరువు బుల్లెట్‌ను పేల్చగలదో నిర్ణయిస్తుంది.

వించెస్టర్‌ తన రైఫిళ్లలో పది అంగుళాలకో చుట్టు పెట్టింది. ఆ లెక్కన .243 బుల్లెట్‌ బయటికొచ్చేటప్పుడు సెకనుకు మూడున్నర వేల చుట్లు తిరుగుతుంటుంది. ఉడ్‌చక్‌ల కోసం 80 గ్రెయిన్లు, జింకల కోసం 100 గ్రెయిన్లు... రెండు రకాల తూటాలూ అమ్మింది. రెమింగ్టనేమో ఈ సన్నని తూటాను కొనేది ఉడ్‌చక్‌ల వాళ్లేననుకుంది. పన్నెండు అంగుళాలకో చుట్టు పెట్టి, 75, 90 గ్రెయిన్ల తూటాలతో సరిపెట్టింది.

కొనేవాడి లెక్క వేరు. రెండు తుపాకులకు డబ్బు పెట్టే స్తోమత అందరికీ ఉండదు. వేసవిలో పొలం దగ్గర ఉడ్‌చక్‌లకు, శీతాకాలంలో జింకకు ఒకే తుపాకి కావాలి. వించెస్టర్‌ ఆ రెండూ ఇస్తానంది. రెమింగ్టన్‌ తుపాకిలో 100 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్‌ కుదురుగా వెళ్లదన్న మాట పాకిపోయింది. నిజానికి 90 గ్రెయిన్లకూ 100 గ్రెయిన్లకూ తేడా అర గ్రాము పైన కొంచెం, అంతే. గట్టి తొడుగున్న 90 గ్రెయిన్ల బుల్లెట్‌ ముందుకాలి వెనక సరిగ్గా తగిలితే తెల్లతోక జింక తప్పించుకోలేదు. కానీ తడబడితే నరకం చూసేది జింక కాబట్టి, ఆ కాస్త బరువును భరోసాగా కోరుకున్న వేటగాళ్లను తప్పుపట్టలేం.

రెమింగ్టన్‌కు విషయం అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. 1958లో గాడుల్ని తొమ్మిది అంగుళాలకో చుట్టుగా మార్చింది. అయినా .244 అన్న పేరుకు పడ్డ మచ్చ పోలేదు. 1963లో పేరే మార్చేసి, 6 ఎం.ఎం. రెమింగ్టన్‌ అంటూ మళ్లీ మార్కెట్లోకి వదిలింది. 100 గ్రెయిన్ల బుల్లెట్‌తో, వించెస్టర్‌ కన్నా ఎక్కువ వేగంతో! అప్పటికే జనం చేతుల్లో .243 నిండిపోయింది. నేటికీ దాని తూటాలు పేరున్న దుకాణంలో ఎక్కడైనా దొరుకుతాయి. 6 ఎం.ఎం. రెమింగ్టన్‌ తూటాల కోసం మాత్రం వెతుక్కోవాలి.

విజేతకూ విమర్శలు తప్పలేదు. .243 వెనక్కి తన్నే దెబ్బ .30-06 దెబ్బలో దాదాపు సగమే. అందుకే తొలిసారి వేటకు వెళ్లే పిల్లల చేతికి పెద్దలు ఇచ్చే తుపాకుల్లో ఇదొకటి. అనుభవజ్ఞులు కొందరికి ఇదే నచ్చదు. సన్నని బుల్లెట్‌కు తప్పును కప్పిపుచ్చే శక్తి తక్కువ, అది చెయ్యి తిరిగినవాడి చేతిలో ఉండాలి తప్ప కొత్తవాడి చేతిలో కాదంటారు. ఇటువైపు వాళ్ల జవాబూ బలమైనదే. దెబ్బకు భయపడి కళ్లు మూసుకుని ట్రిగ్గర్‌ నొక్కే పిల్లాడికి పెద్ద తూటా ఇస్తే జింకకు ఇంకా ప్రమాదం.

చట్టాలు కూడా ఈ ఆరు మిల్లీమీటర్ల దగ్గరే గీత గీశాయి. కొలరాడోలో జింకల వేటకు 0.24 అంగుళం కన్నా సన్నని రైఫిల్‌ పనికిరాదు. ఇంగ్లండ్‌లో 1991 జింకల చట్టం 0.240 అంగుళాన్ని హద్దుగా పెట్టింది, చిన్న జాతులకు మాత్రం తర్వాత సడలింపులిచ్చారు. .243 ఆ గీతను దాటింది అంగుళంలో వెయ్యింట మూడు వంతులతోనే!

ఇప్పుడు గాడుల గొడవ మళ్లీ ముందుకొచ్చింది. చనిపోయిన జంతువుల మాంసంలో మిగిలిన సీసం ముక్కలు తిని రాబందులు విషానికి బలవుతున్నాయని, 2019 జులై నుంచి కాలిఫోర్నియా వేటలో సీసపు బుల్లెట్లను పూర్తిగా నిషేధించింది. ప్రత్యామ్నాయం రాగి. సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకు రాగి బుల్లెట్‌ పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగితే ఎక్కువ తిప్పాలి. 1955లో రెమింగ్టన్‌ను దెబ్బతీసిన లెక్కే పాత రైఫిళ్లున్నవాళ్ల ముందు మళ్లీ నిలబడింది.

పాత తుపాకుల దుకాణంలో .244 అని ముద్ర ఉన్న రెమింగ్టన్‌ కనిపిస్తే తెలిసినవాళ్లు వెంటనే బేరమాడరు. గాడులు మారాక కూడా 1963 దాకా పేరు అదే కాబట్టి, లోపల ఏముందో ముద్ర చెప్పదు. శుభ్రం చేసే కడ్డీకి గుడ్డ చుట్టి, గొట్టంలోకి బిగువుగా తోస్తారు. కడ్డీ మీద పెన్ను గుర్తు ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి రావడానికి ఎన్ని అంగుళాలు లోపలికెళ్లిందో స్కేలు పెట్టి చూస్తారు. తొమ్మిది దగ్గరే గుర్తు పైకొస్తే అప్పుడు ధర అడుగుతారు.