అడిగి వెళ్లేవాళ్లకే ఆంక్షలా?

పోయిన నెల ఒక శుక్రవారం రాత్రి మావారికి అన్నం వడ్డిస్తుంటే మా అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. అలా నిలబడిందంటే ఏదో అడగబోతోందని అర్థం.

"అమ్మా, ఆదివారం మేం ఆరుగురం సూర్యలంక వెళ్దామనుకుంటున్నాం. పొద్దున వెళ్లి చీకటిపడేలోపు వచ్చేస్తాం" అంది.

అది డిగ్రీ రెండో సంవత్సరం. మాది తెనాలి. బాపట్లకి రైల్లో గంట కూడా పట్టదు. అక్కడ దిగి ఆటోలో ఓ 9 కిలోమీటర్లు వెళ్తే సముద్రమే. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకని మేమంతా వెళ్లిన చోటే. అయినా మావారు కంచంలోంచి తలెత్తకుండానే "సముద్రమా? వద్దు" అనేశారు. "మగదిక్కు లేకుండా ఆడపిల్లలు అంత దూరం ఏమిటే?" అని మా అత్తగారు. నేనేమో ఎవరెవరు వస్తున్నారు, వాళ్లమ్మలు ఒప్పుకున్నారా, ఏ రైలు, ఏ ఆటో అంటూ వరసపెట్టి అడిగాను.

అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివర్లో ఒక్క మాటంది. "అన్నయ్య చెప్పకుండానే వెళ్లాడు. నేను అడిగి వెళ్తానంటున్నాను. ఇన్ని ప్రశ్నలు నాకేనా?"

నా దగ్గర సమాధానం లేదు. రెండేళ్ల క్రితం మావాడు కంబైన్డ్ స్టడీస్ అని చెప్పి స్నేహితులతో బైకుల మీద చీరాల వాడరేవు వెళ్లొచ్చాడు. మర్నాడు బట్టలు నానబెడుతుంటే ప్యాంటు జేబులోంచి గుప్పెడు ఇసుక రాలింది. నిలదీస్తే అప్పుడు చెప్పాడు. వాళ్లలో ఒకడిని అల లోపలికి లాగేస్తే జాలర్లు పట్టుకుని ఒడ్డుకి చేర్చారట. నాకు ఆ రాత్రంతా నిద్ర లేదు. మరి ఇంట్లో జరిగిందేమిటి? మావారు రెండు కేకలేశారు. మా అత్తగారు "మగపిల్లాడు, సరదాపడ్డాడు" అన్నారు. అంతటితో సరి.

ఆలోచిస్తే తలకిందులుగా లేదూ? సముద్రంలో కొట్టుకుపోయిన విద్యార్థులని పేపర్లో నేను చదివిన వార్తల్లో ఎక్కువమంది మగపిల్లలే. ఇంట్లో చెప్పకుండా వెళ్లినవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. మన భయమంతా ఆడపిల్లల మీద, ప్రమాదమేమో మగపిల్లలకి!

నా సంగతీ చెప్పాలి. నేను బి.ఏ. చదివే రోజుల్లో మా క్లాసు అమ్మాయిలంతా ఒకరోజు బీచికి వెళ్దామనుకున్నారు. మా నాన్నగారు వద్దన్నారు. కోప్పడలేదు, కారణం చెప్పలేదు, వద్దన్నారంతే. నేను ఏడవలేదు. కానీ ఆ తర్వాత ఆయన్ని ఏదీ అడగలేదు. చివరికి పెళ్లి సంబంధం నచ్చిందా అని ఆయనే అడిగినప్పుడు కూడా "మీ ఇష్టం" అన్నాను. నేను చాలా వినయం గల పిల్లనని ఆయన చివరిదాకా అందరికీ చెప్పుకునేవారు. వినయం కాదది, అడగడం మానేశానంతే.

మా అమ్మాయి నన్ను అడగడం మానేయకూడదు. అందుకే సరేనన్నాను.

ఊరికే సరే అనలేదు లెండి. క్యాలెండర్ చూశాను, అమావాస్య పౌర్ణములు దగ్గర్లో లేవు. ఆ రోజుల్లో ఆటుపోట్లు ఎక్కువగా ఉంటాయి. మోకాళ్లు దాటి నీళ్లలోకి దిగొద్దన్నాను. అలలు విరగకుండా నీళ్లు నిదానంగా కనిపించేచోట అసలు దిగొద్దన్నాను. చాలాసార్లు ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి లోపలికి పోయే దారి అదే. ఒకవేళ లాగేస్తే ఒడ్డువైపు ఈది అలిసిపోకుండా, ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్లు వెంటపడి దూకకూడదు, జాలర్లనీ పోలీసులనీ కేకెయ్యాలి. ఇవన్నీ మావాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకునే చెప్పాను. రెండేళ్లు ఆలస్యంగానే అనుకోండి.

ఆదివారం పొద్దున్నే పులిహోర కలిపి, డబ్బా కట్టిచ్చాను. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి ఫోన్ చేసింది. అలల హోరులో సగం మాటలు వినపడలేదు. సాయంత్రం అనుకున్న రైలు తప్పిపోయింది. ఆ సంగతి నేను అడక్కముందే ఫోన్ చేసి చెప్పింది. "మీ నాన్నని స్టేషన్‌కి పంపిస్తాను" అన్నాను. వద్దన్న మనిషే, రైలు వేళకి అరగంట ముందే బండి తీసుకుని వెళ్లారు.

పిల్లల్ని ఆపగలమని మనం అనుకుంటాం గానీ, ఈ వయసులో వాళ్లని ఆపలేం. ఎక్కడున్నారో మనకి తెలిసేలా మాత్రమే చూసుకోగలం. అదీ మనం వినేవాళ్లమైతేనే. అడిగినవాళ్లకి వద్దని, అడగనివాళ్లని వదిలేస్తే పిల్లలు నేర్చుకునేది అబద్ధమే. జాగ్రత్తలు చెప్పాల్సింది ఇద్దరికీ, అడిగే అలవాటు చెయ్యాల్సిందీ ఇద్దరికీ. మా ఇంట్లో ఇప్పుడు మావాడు కూడా ఎక్కడికెళ్తున్నదీ చెప్పి వెళ్లాలి. సణుగుతున్నాడు, అయినా చెబుతున్నాడు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి బ్యాగు తెచ్చి, నా ముందే పెరట్లో దులిపింది. బోలెడంత ఇసుక, నాలుగు గవ్వలు. గవ్వల్లో రెండు వాళ్ల నాయనమ్మకిచ్చింది. ఆవిడ ఏమీ అనకుండా తీసుకుని దేవుడి గూట్లో పెట్టుకున్నారు.