పాత కంప్యూటర్లు ఎక్కడికి పోతున్నాయి?

ప్రభుత్వ కార్యాలయంలోకి కంప్యూటరు వచ్చిన రోజు అందరికీ తెలుస్తుంది. ప్రారంభోత్సవం జరుగుతుంది, పత్రికల్లో ఫొటో వస్తుంది. అది పాడై బయటికి పోయిన రోజు ఎవరికీ తెలియదు. ఎవరు కొన్నారు, ఎవరు పగలగొట్టారు, దానిలోని సీసం ఏ మట్టిలో కలిసింది అని అడిగేవాళ్లు లేరు. పట్టణ పాలనలో సమాచార సాంకేతికత వల్ల పర్యావరణానికి జరిగే నష్టం ఇంజనీర్లు చూసుకోవలసిన విషయమని మనం ఇంతకాలం అనుకున్నాం. కాని ఆ నష్టాన్ని చివరికి ఎవరి శరీరాలు మోస్తున్నాయో చూస్తే, ఇది స్త్రీల హక్కుల ప్రశ్న అని అర్థమవుతుంది.

కంప్యూటరీకరణకు మనం వ్యతిరేకులం కాము. 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’, 2001లో హైదరాబాద్‌లో ‘ఈ-సేవ’, 2011లో ‘మీ సేవ’ వచ్చాయి. కుల ధ్రువీకరణ కోసం, పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే స్త్రీలకు వీటి వల్ల కొంత మేలు జరిగింది. అయితే ఈ సౌకర్యం ఖరీదులో కొంత భాగం బడ్జెటు కాగితాల మీద కనిపించదు. ఆ భాగం గురించే ఈ నాలుగు మాటలు.

నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఒకప్పుడు ఇది కందూరు చోడుల రాజధాని. ఆనాటి ఉదయ సముద్రం చెరువు ఇప్పుడు కృష్ణా నీటిని నిలుపుకునే జలాశయమై పట్టణానికీ, ఫ్లోరైడ్ పీడిత గ్రామాలకూ తాగునీరు ఇస్తోంది. నీటిలో విషం ఉంటే ఏమవుతుందో ఈ జిల్లాకు ఎవరూ చెప్పనక్కరలేదు. వంగిపోయిన ఎముకలు చెబుతాయి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు. మంచినీళ్ల కోసం మైళ్లు నడిచిందీ, వంగిపోయిన మనుషులకు ఇంట్లో సేవ చేసిందీ ఎక్కువగా స్త్రీలే. ఫ్లోరైడ్ రాళ్లలోంచి వచ్చింది. రేపు సీసం, కాడ్మియం భూగర్భ జలంలోకి వస్తే అవి మన ఆఫీసుల్లోంచి వచ్చినవే అవుతాయి.

పాత డబ్బా మోనిటరు గాజులో కిలోకు పైగా సీసం ఉండవచ్చు. యూపీఎస్ బ్యాటరీల్లో సీసం, ఆమ్లం ఉంటాయి. రాగి కోసం వైర్లను తగలబెడితే వాటి ప్లాస్టిక్ తొడుగు నుంచి డయాక్సిన్లు వెలువడతాయి. సీసం గర్భిణి రక్తం నుంచి మాయను దాటి బిడ్డకు చేరుతుంది. అనధికార చెత్త రంగంలో 1 కోటీ 29 లక్షల మంది వరకు స్త్రీలు పనిచేస్తున్నారనీ, ఈ విషాలు వారికి, వారి పుట్టబోయే బిడ్డలకు ప్రమాదమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో హెచ్చరించింది. 2022లో ప్రపంచంలో పోగుపడిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులు. సరైన పద్ధతిలో సేకరించి శుద్ధి చేసినట్టు లెక్క ఉన్నది అందులో 22.3 శాతమే. మిగతాదంతా ఎవరి చేతుల మీదుగా పోయింది? తెల్లవారకముందే వీధులు ఊడ్చే, కుప్పల్లో ఏరుకునే దళిత, పేద స్త్రీల చేతులు అందులో ఎన్ని?

చట్టం లేదా అంటే, ఉంది. 2016 నిబంధనలు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ శాఖలను పేరు పెట్టి ‘భారీ వినియోగదారులు’ అన్నాయి. తమ వ్యర్థాలకు లెక్క రాయడం వారి బాధ్యత. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన 2022 నిబంధనల్లో ఈ నిర్వచనం మారింది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా కనీసం వెయ్యి పరికరాలు వాడిన సంస్థనే ఇప్పుడు భారీ వినియోగదారుగా లెక్కిస్తారు. చిన్న పట్టణాల ఆఫీసులు ఈ గీతకు దిగువన ఉండిపోయే అవకాశం ఎక్కువ. శాఖ మొత్తాన్ని ఒక సంస్థగా లెక్కించాలా, ఒక్కొక్క ఆఫీసునా అన్నది మనం పట్టుబట్టి అడగవలసిన ప్రశ్న. చెత్తలో కలిసిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలను వేరు చేయించి, నమోదైన రీసైక్లర్లకు చేర్చే బాధ్యత మాత్రం పురపాలక సంస్థలదే. అంటే ఊరి చెత్తకు కాపలాదారు తన ఇంటి చెత్తకు లెక్క చెప్పకుండా తప్పించుకునే వీలుందన్నమాట.

పాత సామానును ‘కండెమ్’ చేసి వేలం వేయడం ప్రభుత్వ కార్యాలయాల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఎక్కువ ధర పాడినవాడికి సరుకు. ఎక్కువ ధర ఎవడు పాడగలడు? కార్మికులకు చేతి తొడుగులు, ముసుగులు ఇవ్వనివాడు, మిగిలిన విషాన్ని కాలువలో పారబోసేవాడు. ఖజానాకు వచ్చే నాలుగు డబ్బుల కోసం ఈ వేలంపాట నిజాయితీగా పనిచేసేవాళ్లను పక్కకు నెడుతుంది.

ఇక కరెంటు. ఉదాహరణకు ఒక ఆఫీసులో యాభై కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. రాత్రిపూట ఆపకుండా వదిలేస్తే ఒక్కొక్కటి 60 వాట్ల చొప్పున 14 గంటల్లో మొత్తం 42 యూనిట్లు కాలుతుంది. అయిదు రాత్రులకు 210 యూనిట్లు. గృహజ్యోతి కింద పేద కుటుంబానికి నెలంతటికీ ఉచితంగా ఇచ్చేది 200 యూనిట్ల వరకే! ఆమెను పొదుపుగా వాడుకోమని చెప్పే ప్రభుత్వం తన మీట తాను నొక్కలేదా? మన దేశంలో కరెంటులో అధిక భాగం బొగ్గుదే. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. నల్లగొండ జిల్లాలోనే, దామరచర్ల మండలంలో, 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. ఇప్పుడు ఫైళ్లన్నీ ‘క్లౌడ్’లో దాస్తామంటున్నారు. క్లౌడ్ అంటే మబ్బు. ఈ మబ్బు వాన కురిపించదు. ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో కరెంటు తాగుతుంది, యంత్రాలను చల్లబరచడానికి చాలాచోట్ల నీళ్లూ తాగుతుంది.

కరెంటు కంటే పెద్ద ఖర్చు తయారీలో ఉంది. ఒక ల్యాప్‌టాప్ తన జీవితకాలంలో వాతావరణానికి చేసే హానిలో ఎక్కువ భాగం అది ఆఫీసు గుమ్మం తొక్కకముందే జరిగిపోతుంది. అందుకే కొత్తది కొనడం కంటే ఉన్నదాన్ని బాగుచేసి మరో మూడు నాలుగేళ్లు వాడడం మేలు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆపేసింది. అంతమాత్రాన నడుస్తున్న యంత్రాలను పారేయనక్కరలేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తున్నాయి.

కొనేముందు వాడేవాళ్లను అడగడం కూడా వ్యర్థాన్ని తగ్గించే మార్గమే. మెమరీ చాలని, తరచూ మొరాయించే ఫోన్లను 2021లో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేశారు. పనికిరాని పరికరం కొన్నరోజే చెత్త. ఆ సంగతి మొదట తెలిసింది దానితో పనిచేసే స్త్రీకి. కొనుగోలు కమిటీలో ఆమెకు చోటేదీ?

పుణేలో 2008 నుంచి చెత్త ఏరుకునేవాళ్లే సభ్యులుగా ఉన్న ‘స్వచ్ఛ్’ సహకార సంఘం నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంటింటా చెత్త సేకరిస్తోంది. సభ్యుల్లో అత్యధికులు స్త్రీలు. ఇక్కడా అలాంటి ఏర్పాటు కావాలి. అయితే ఒక హెచ్చరిక: సేకరించడం, వేరు చేయడం, రవాణా వరకే మహిళా సంఘాలకు అప్పగించాలి. రక్షణ లేకుండా పగలగొట్టే పనిని ‘ఉపాధి’ పేరుతో స్త్రీల నెత్తిన పెడితే ఒప్పుకోరాదు.

మనం చేయగలిగిన పని ఉంది. తెలంగాణ మునిసిపాలిటీల చట్టం, 2019 ప్రతి వార్డులోనూ మహిళలకు విడిగా ఒక కమిటీని ఇచ్చింది. సమాచార హక్కు చట్టం, 2005 కింద ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ప్రతి పట్టణంలో మన కార్యకర్తలు ఈ ప్రశ్నలు వేయాలి: కార్యాలయంలో ఎన్ని కంప్యూటర్లు, ప్రింటర్లు, బ్యాటరీలు ఉన్నాయి? ఎప్పుడు కొన్నారు? గత అయిదేళ్లలో ఎన్నిటిని కండెమ్ చేశారు? ఎవరికి ఇచ్చారు, ఆ రసీదు ఏది? ఆన్‌లైన్‌లో దరఖాస్తు తీసుకున్నాక మళ్లీ జిరాక్సు కాగితాలు ఎందుకు అడుగుతున్నారు? పారిశుధ్య కార్మికుల రక్తంలో సీసం పరీక్ష ఎప్పుడైనా చేయించారా?

వచ్చిన జవాబులను, రాని జవాబులను కూడా మాకు రాసి పంపండి. ఫ్లోరైడ్ విషయంలో ఈ జిల్లా ఎముకలు వంగేదాకా ఎదురుచూడవలసి వచ్చింది. ఈసారి రిజిస్టరు తెరిచి చూస్తే చాలు. అది తెరిచేదాకా అడుగుదాం.