సందుకు గేటు సరే, తాళంచెవి ఎవరి దగ్గర?

న్యూజిలాండ్‌లో గోడకు గోడ ఆనించి కట్టిన వరుస ఇళ్లు అరుదు. స్థలానికి కొదవ లేని దేశం. చుట్టూ జాగా వదిలి మధ్యలో చెక్క ఇల్లు కట్టుకోవడమే అక్కడి ఆనవాయితీ. దక్షిణ దీవిలోని డునెడిన్ మాత్రం ఈ విషయంలో కాస్త తేడా ఊరు. 1848లో స్కాట్లాండ్ ఫ్రీ చర్చి వాళ్లు వచ్చి స్థిరపడ్డారు. 1861లో గేబ్రియల్స్ గల్లీ దగ్గర బంగారం బయటపడింది. దాంతో ఊరు చూస్తుండగానే పెరిగింది. వీధుల పేర్లు ఎడిన్‌బరో నుంచి తెచ్చుకున్నట్టే ఇళ్ల తీరునూ కొంత బ్రిటన్ నుంచి తెచ్చుకున్నారు. స్టువర్ట్ స్ట్రీట్‌లో, విశ్వవిద్యాలయానికి దగ్గరగా డండాస్ స్ట్రీట్‌లో ఆనాటి వరుస ఇళ్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

ఇలాంటి ఇళ్లకు వీధి వైపు ముఖం ముచ్చటగా ఉంటుంది. ఇబ్బందంతా వెనకే. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒరగాల్సినంత ఇరుకు సందు, ఎండ తగలక పాచి పట్టిన సిమెంటు నేల, గోడవారగా చెత్త డబ్బాలు, పెరట్లో వానకు నానిన పాత సోఫా, ఆ పైన చెక్క చట్రంలో పైకీ కిందికీ జరిపే పాతకాలపు కిటికీ. ఊరంతా కొండవాలు కాబట్టి వెనక నేల కొన్నిచోట్ల ముందుకన్నా ఎత్తులో ఉంటుంది. అక్కడ నిలబడిన మనిషికి నిచ్చెన అక్కర్లేదు, కిటికీ గడియ చేతికందుతుంది. జూన్‌లో సాయంత్రం అయిదుకే పొద్దు గుంకుతుంది. వీధిలో పోయేవాళ్లకు సందులో ఏం జరుగుతోందో కనబడదు.

పైగా ఉత్తర డునెడిన్‌లో ఈ ఇళ్లలో ఉండేది ఎక్కువగా విద్యార్థులు. 1869లో పుట్టిన ఒటాగో విశ్వవిద్యాలయంలో సుమారు 20 వేల మంది చదువుతున్నారు. అద్దె ఒప్పందాలు చాలావరకు జనవరి 1 నుంచి ఏడాదికి. నవంబరులో పరీక్షలు అవగానే పిల్లలు సొంతూళ్లకు పోతారు, ఫిబ్రవరిలో తిరిగొస్తారు. ఈ మధ్యలో వీధులకు వీధులే నిర్మానుష్యం. ఆ సంగతి పోలీసులకు ఎంత తెలుసో దొంగలకూ అంతే తెలుసు. ఇక ఇళ్లు నిండుగా ఉన్న రోజుల్లో అయిదారుగురు కలిసి ఉండే ఇంట్లో తలుపు వేయాల్సింది ఎవరు అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. లాప్‌టాప్‌లు మాత్రం అయిదారు ఉంటాయి.

సందు మొదట్లోనే ఇనుప గేటు పెట్టి తాళం వేస్తే సరిపోదా? ఈ ఆలోచనకు బలమైన సాక్ష్యమే ఉంది, ఇంగ్లండ్‌లో. అక్కడి కార్మికవాడల వెనక సందులు సరదాకు వదిలినవి కావు. 1875 ప్రజారోగ్య చట్టం తర్వాత స్థానిక నిబంధనల ప్రకారం కట్టిన వరుస ఇళ్లకు, మరుగుదొడ్ల మలాన్ని, బొగ్గు బూడిదను బండ్లలో ఎత్తుకుపోవడానికి వెనక దారి ఉంచారు. భూగర్భ మురుగు కాల్వలు వచ్చాక ఆ దారికి పని పోయింది. ఖాళీగా పడి ఉన్న దారిని దొంగలు వాడుకున్నారు. లివర్‌పూల్‌లో వేల సంఖ్యలో గేట్లు పెట్టి, ఆ ఇళ్లవాళ్లకే తాళంచెవులు ఇచ్చారు. 2004లో బవర్స్, జాన్సన్, హిర్ష్‌ఫీల్డ్ అనే పరిశోధకులు లెక్క తీస్తే గేట్లు పెట్టిన చోట ఇళ్ల దొంగతనాలు సుమారు 37 శాతం తగ్గాయి. పెట్టిన ప్రతి పౌండుకూ 1.86 పౌండ్ల మేలు జరిగిందని తేల్చారు. దొంగలు పక్క వీధికి మారిపోతారన్న భయమూ పెద్దగా నిజం కాలేదు. నేర నివారణలో ఇంత స్పష్టమైన ఫలితం చూపిన పథకాలు ఎక్కువ లేవు.

అయినా లివర్‌పూల్ గేటును యథాతథంగా డునెడిన్‌కు తెచ్చి బిగిస్తే పనిచేస్తుందని నేను అనుకోను. మొదటి అడ్డంకి చట్టం. బ్రిటన్ పార్లమెంటు సందులు మూయడానికి 2000, 2005లలో ప్రత్యేకంగా అధికారాలు కల్పించింది. 2014లో వాటి స్థానంలో కొత్త ఉత్తర్వులు తెచ్చింది. న్యూజిలాండ్‌లో అలాంటి దగ్గరి దారి లేదు. సందు ప్రజా మార్గమైతే 1974 స్థానిక ప్రభుత్వ చట్టం కింద దాన్ని మూయాలి. ప్రకటన ఇవ్వాలి, అభ్యంతరాలకు కనీసం 40 రోజులు గడువు పెట్టాలి. అభ్యంతరాలను కౌన్సిల్ ఒప్పుకోకపోతే వ్యవహారం పర్యావరణ కోర్టుకు ఎక్కుతుంది. సందు ప్రైవేటు స్థలమైతే చిక్కు ఇంకో రకం. నేల ఒకరిది, దాని మీద నడిచే హక్కు పక్కింటివాళ్లది. హక్కున్న నలుగురిలో ఒకరు నా దారికి అడ్డం పెట్టారంటే గేటు తీయాల్సి రావచ్చు.

రెండో అడ్డంకి చట్టం కన్నా మొండిది. లివర్‌పూల్‌లో తాళంచెవి పట్టుకున్నవాళ్లు ఏళ్ల తరబడి అదే ఇంట్లో ఉన్నవాళ్లు. గేటు తెరిచి పెట్టిపోయిన కుర్రాణ్ని పేరు పెట్టి కేకేయగలిగిన పెద్దావిడ అక్కడ ఉంటుంది. డునెడిన్ విద్యార్థి వీధిలో ఏటా ఇంటిల్లిపాదీ మారిపోతారు. చెవులకు నకళ్లు తీయించుకుంటారు, పోగొట్టుకుంటారు, స్నేహితులకిస్తారు. చెత్త బండి వచ్చే రోజున డబ్బాలు వీధిలోకి లాగాలి. 2024 జులై నుంచి అక్కడ ఇంటికి నాలుగైదు రకాల చెత్త డబ్బాలు. ప్రతిసారీ తాళం తీసి వేయడం ఎవరి వల్లా కాదు. రెండో వారానికే గేటు కింద ఇటుక పడుతుంది. తెరిచి ఉన్న గేటు కన్నా అసలు గేటు లేకపోవడమే నయం, కనీసం లోపలివాళ్లు భద్రంగా ఉన్నామని భ్రమపడరు.

మూడోది ప్రాణాల మాట. 2019 అక్టోబరులో డండాస్ స్ట్రీట్‌లోని ఒక అద్దె ఇంట్లో కిక్కిరిసిన పార్టీ జరిగింది. మెట్ల దగ్గర తొక్కిసలాటలో 19 ఏళ్ల విద్యార్థిని చనిపోయింది. జనం బయటికి పోయే దారి ఎంత ముఖ్యమో ఆ వీధికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఇంట్లో నిప్పు అంటుకున్న రాత్రి పెరటి సందు తాళం చెవి ఎక్కడుందో వెతుక్కునే పరిస్థితి రాకూడదు. ఎక్కడైనా గేటు పెట్టక తప్పకపోతే లోపలి నుంచి చెవి లేకుండా ఒక్క తోపుతో తెరుచుకోవాలి. అందులో బేరాలకు తావుండకూడదు.

న్యూజిలాండ్ న్యాయశాఖ 2005లో విడుదల చేసిన మార్గదర్శకాలూ గేటును ముందు పెట్టవు. ఊరి నిర్మాణంతో నేరాలను అడ్డుకోవడానికి అది ఏడు లక్షణాలు చెప్పింది. తాళాలు, కంచెలు ఏడోది, చిట్టచివరిది. దారి సురక్షితంగా ఉండడం, నాలుగు వైపులా కనబడడం, మనుషుల అలికిడి, ఇది మాది అన్న భావన ముందు వరుసలో ఉన్నాయి. డునెడిన్‌లో చేసి చూపించినదీ చాలావరకు ఆ వరుసలోదే. విశ్వవిద్యాలయం 2007లో క్యాంపస్ వాచ్ పెట్టింది. దాని సిబ్బంది రాత్రింబవళ్లు విద్యార్థి వీధుల్లో తిరుగుతారు, తాగి పడిపోయినవాణ్ని ఇంటికి చేరుస్తారు. వాళ్లు పోలీసులు కారు గానీ, ఏటా మారిపోయే ఆ వీధుల్లో మారకుండా కనిపించే ముఖాలు వాళ్లవే. తర్వాత సీసీటీవీ కెమెరాలు వచ్చినప్పుడు విద్యార్థుల్లో గోప్యత గురించి గట్టి చర్చే జరిగింది. కెమెరా వీధిని చూస్తుంది. సందు లోపలి మలుపును చూడదు.

ఇరుకు సందులంటే ఈ ఊరికి ఉన్న భయం పాతదే. పందొమ్మిదో శతాబ్దంలో వాకర్ స్ట్రీట్ చుట్టుపక్కల పేదవాడను డెవిల్స్ హాఫ్ ఏకర్ అనేవారు. తాగుడు, వ్యభిచారం, నల్లమందు అంటూ పత్రికలు రాసేవి. చైనీయులు, తర్వాత లెబనాన్ నుంచి వచ్చినవాళ్లు అక్కడే బతుకు మొదలుపెట్టారు. చివరికి ఆ వీధికి కారల్ స్ట్రీట్ అని పేరు మార్చారు. గేటు అడిగేవాడి మనసులో దొంగ ఒక్కడే ఉన్నాడా, తనలా లేని పొరుగువాడు కూడా ఉన్నాడా అని అప్పుడప్పుడు అడగడం మంచిది.

హైదరాబాద్‌లో కాలనీ గేట్లు చూసి పెరిగిన మనకు ఈ తటపటాయింపు వింతగా తోచవచ్చు. రాత్రి పది దాటితే గేట్లు పడే కాలనీలు ఇక్కడ ఎన్నో. కానీ అవి పనిచేస్తున్నది తాళం వల్ల కాదు, ఆ గేటు పక్క గదిలో కాపురముండే వాచ్‌మన్ కుటుంబం వల్ల. తక్కువ జీతానికి ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉండే మనిషి డునెడిన్‌లో దొరకడు, దొరక్కపోవడమే న్యాయం. మన దగ్గరా మూసిన దారికి మూల్యం ఉంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో భద్రత పేరుతో మూసిన రోడ్ల వల్ల చుట్టుపక్కల కాలనీలు ఏళ్ల తరబడి చుట్టు తిరిగాయి. 2018 మేలో రక్షణ శాఖ దేశవ్యాప్తంగా అలాంటి రోడ్లు తెరవమనేదాకా వెళ్లింది వ్యవహారం.

కాబట్టి సందు సంగతి కన్నా ముందు పెరటి తలుపు సంగతి చూడాలి. న్యూజిలాండ్‌లో 1986 అద్దె ఇళ్ల చట్టం ప్రకారం ఇల్లు తగినంత భద్రంగా ఉండేలా తాళాలు అమర్చి, వాటిని బాగుచేయిస్తూ ఉండాల్సింది ఇంటి యజమాని. అద్దెకున్నవాళ్లు సొంతంగా తాళం మార్చాలన్నా యజమాని ఒప్పుకోవాలి. సందులో ఒక దీపం, వెనక కిటికీలకు గట్టి గడియలు, ముందు వీధికి అడ్డంగా పెరిగిన పొదను నడుము ఎత్తుకు కత్తిరించడం, ఇవి గేటు కన్నా చవక. యజమాని పూనుకుంటే ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. యజమాని చేయకపోతే టెనెన్సీ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఏడాది ఉండి పోయే పిల్లలు అంతదాకా వెళ్లరని యజమానులకు తెలుసు. ఆ పని ఇంటింటికీ వదిలేయకుండా, అద్దె గొడవల్లో ఇప్పటికే విద్యార్థుల తరఫున నిలబడుతున్న ఒటాగో విద్యార్థి సంఘం చేతిలోకి తీసుకోవాలి. నవంబరులో ఇళ్లు ఖాళీ కాకముందే వీధి వీధీ తిరిగి ఏ తలుపు గడియ ఊగుతోందో రాసుకోవాలి.