బాలుర జట్టులో బాలిక: టొరాంటో హాకీ లీగ్ వివాదం

కెనడాలో హాకీ అంటే మనమెరిగిన మైదానపు ఆట కాదు, మంచుగడ్డ మీద ఆడేది. 2024 జనవరి 1న టొరాంటో నగరంలో మహిళల ప్రొఫెషనల్ లీగ్ తొలి మ్యాచ్ జరిగింది. అదే నగరంలో నలభై ఏళ్ళ కిందట ఒక బాలిక పిల్లల లీగ్‌లో ఆడటానికి కోర్టుకెక్కవలసి వచ్చింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో వున్నందున ఆ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

1911లో ఫ్రాంక్ స్మిత్ అనే యువకుడు కొద్దిపాటి జట్లతో బీచెస్ హాకీ లీగ్ స్థాపించాడు. అర్ధ శతాబ్దం దానికి కార్యదర్శిగా పనిచేశాడు. ఆ పేట లీగే నగరమంతా విస్తరించి, పేర్లు మారి, నేడు గ్రేటర్ టొరాంటో హాకీ లీగ్‌గా వుంది. పిల్లల హాకీ సంస్థలలో ప్రపంచంలోకెల్లా పెద్దదని దానికి పేరు.

1985లో పన్నెండేళ్ళ జస్టిన్ బ్లెయినీ ఎంపిక పోటీలలో నెగ్గి ఈ లీగ్‌లోని ఒక బాలుర జట్టులో స్థానం సంపాదించింది. అయితే అంటారియో హాకీ అసోసియేషన్ నిబంధనలు బాలురకే అవకాశమిచ్చాయి. రాష్ట్ర మానవ హక్కుల చట్టమే క్రీడా సంఘాలకు ఈ విషయంలో మినహాయింపు యిచ్చింది! అదే ఏడాది ఏప్రిల్‌లో రాజ్యాంగంలోని సమానత్వ హక్కు అమలులోకి రావడం ఆమెకు కలిసివచ్చింది. 1986 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు ఆ మినహాయింపును కొట్టివేసింది. ముగ్గురు న్యాయమూర్తులలో ఒకరు విభేదించారు.

విచిత్రమేమంటే, మహిళా హాకీ సంఘం కూడా ఆమెను వ్యతిరేకించింది. మంచి ఆటగత్తెలు బాలుర జట్లకు తరలిపోతే బాలికల జట్లు మిగలవని వారి భయం. ఆ భయాన్ని తీసిపారేయలేము. కానీ ఎక్కువ మ్యాచ్‌లు, మంచి పోటీ బాలుర వైపే వున్నప్పుడు, ఆట నేర్చుకోవాలనుకునే పిల్లను ఆగమనడం ఏ న్యాయం?

కోర్టులో నెగ్గినా వెంటనే ఆడనివ్వలేదు. మళ్ళీ మానవ హక్కుల విచారణ జరిగింది. చివరికి 1988లో గాని ఆమె బాలుర జట్టుతో బరిలో దిగలేదు. పన్నెండేళ్ళ పిల్లకు అప్పటికి పదిహేనేళ్ళు వచ్చాయి. బాల్యంలో మూడు సీజన్లంటే తక్కువేమీ కాదు.

ఆ నిబంధన పోయినా ఖర్చు మాత్రం పోలేదు. స్కేట్లు, కవచాలు, మంచు మైదానం అద్దె, ప్రయాణాలు కలిపితే పిల్లవాడిని గాని, పిల్లను గాని ఈ ఆటలో పెట్టడం అక్కడి మధ్యతరగతికి కూడా భారమే. కొత్తగా వెళ్ళిన మనవాళ్ళకు మరీను.